ముక్కు విరిగిన నెమలి శైలి

నగను ముట్టుకోకుండా, అసలు కంటితో చూడకుండా దాని విలువ కట్టడం నాకు వచ్చు. ఊరికే వచ్చిన విద్య కాదు. ఏడాది పాటు ఫీజు కట్టి నేర్చుకున్నాను. సర్టిఫికెట్టు పటం కట్టించి గోడకి తగిలించాను కూడా.

మా సంస్థ పేరు ఆభరణ విలువ నిర్ధారణ వృత్తి విద్యాలయం. పాలకొల్లులో పద్మావతి కల్యాణమండపం మేడ మీద ఉంటుంది. అద్దె తక్కువని అక్కడ పెట్టారు గానీ, తర్వాత జరిగిన సంగతులు చూస్తే అంతకన్నా అనువైన చోటు లేదనిపిస్తుంది. ముహూర్తాల రోజుల్లో కింద సన్నాయి మోగుతుంటే పైన పాఠం వినపడేది కాదు. అలాంటప్పుడు మాస్టార్లు బోర్డు మీద నాలుగు ముక్కలు రాసి ఊరుకునేవాళ్లు. మేం మధ్యాహ్నం కిందికి దిగి, ఎవరి తరఫు వాళ్లమో చెప్పకుండా పంక్తిలో కూర్చుని భోంచేసి వచ్చేవాళ్లం.

నగలకి బీమా చేసే కంపెనీ ఒకటి ఈ సంస్థను నడుపుతుంది. బీమా చేయాలంటే ముందు ఆ నగ ఎవరిదో, ఎంత చేస్తుందో ఎవరో ఒకరు తేల్చాలి. ఆ తేల్చేవాళ్లను తయారుచేయడం సంస్థ పని. ప్రిన్సిపాల్ డాక్టర్ ముక్కామల విశ్వపతి గారు. ఆయన డాక్టరేటు కొబ్బరి పీచు మీద. పీచుకీ బంగారానికీ ఏమిటి సంబంధం అని మొదటి రోజే మాలో ఒకడు అడిగాడు. "విలువ నిర్ధారణలో వస్తువు అప్రధానం, విధానం ప్రధానం" అన్నారాయన. అది మేం రాసుకున్నాం. పరీక్షలో కూడా వచ్చింది.

వెనకటి బ్యాచ్‌ల వాళ్లు గీటురాయి, భూతద్దం, చిన్న తక్కెడ పట్టుకుని ఇళ్లకి వెళ్లేవాళ్లట. అనాగరికపు రోజులు. ఆచంటలో ఒకావిడ, వీళ్లు చూసి వెళ్లిన దగ్గర్నుంచీ తన దుద్దుల్లో రాళ్లు చిన్నవిగా కనిపిస్తున్నాయని ఫిర్యాదు చేసింది. రాళ్లు చిన్నవి కాలేదనీ, దుద్దుల బరువుకి చెవి తమ్మెలు సాగాయనీ చివరికి తేలింది. అయితే అది తేలేలోపే హెడ్డాఫీసు నుంచి సర్క్యులర్ వచ్చేసింది. 'ఇకమీదట విలువ నిర్ధారకులు ఆభరణమును ఏ పరిస్థితులలోను స్పృశించరాదు.'

సరే, ముట్టుకోవడం మానేశారు. దూరంగా చేతులు కట్టుకుని చూడటం మొదలుపెట్టారు. అప్పుడు భీమవరంలో ఇంకొకావిడ హారాన్ని మావాడు ఒకడు అరగంట సేపు కళ్లార్పకుండా చూశాడు. ఆ సాయంత్రమే హారం తలుపు గడియకి తగులుకుని రెండు ముక్కలైంది. "మీవాడి దిష్టి తగిలింది, నష్టం కట్టండి" అని ఆవిడ రాసింది. కంపెనీ న్యాయ విభాగం నెల రోజులు ఆలోచించి, దిష్టి లేదని రుజువు చేయడానికి తగిన ఆధారాలు తమ వద్ద లేవని జవాబిచ్చింది. దాంతో రెండో సర్క్యులర్ వచ్చింది. 'ఆభరణ ప్రత్యక్ష దర్శనము నిషేధించడమైనది.'

ముట్టుకోకూడదు, చూడకూడదు. ఇక మిగిలింది ఫోటో.

ఫోటోకి దిష్టి తగలదని మా సంస్థే పరిశోధించి తేల్చింది. కానీ నగను బల్ల మీద పెట్టి ఫోటో తీస్తే అది ఎవరిదో ఎలా తెలుస్తుంది? మెడలో వేసుకుని తీయించుకోవాలి. మెడలో ఉన్నా, పక్కింటావిడది అడిగి వేసుకోలేదని నమ్మకం ఏమిటి? కాబట్టి నలుగురి మధ్యా వేసుకున్న ఫోటో కావాలి. ఆ నలుగురూ ఎక్కువమంది అయితే మరీ మంచిది. ఇలా మెట్టు మెట్టుగా ఆలోచించుకుంటూ పోయి విశ్వపతి గారు పెళ్లి ఆల్బం దగ్గర ఆగారు.

"పెళ్లి ఫోటోను మించిన సాక్ష్యం ఏ న్యాయస్థానంలోనూ లభ్యం కాదు" అన్నారాయన క్లాసులో, కింద గట్టిమేళం ఆగేదాకా ఆగి. "అయిదు వందల మంది ప్రత్యక్ష సాక్షులు. వారికి అదనంగా అగ్నిహోత్రుడు. ఇంతమంది సమక్షంలో ధరించిన ఆభరణం పరాయిది కావడానికి ఆస్కారం ఉందా? కనుక మన సంస్థ మూలసూత్రం రాసుకోండి. ధరించినవారే స్వంతదారు."

రాసుకున్నాం. క్లాసులో ముప్పైమందికి పైగా ఉన్నాం, అందరం గోదావరి జిల్లాల వాళ్లమే. పెళ్లి పీటల మీద కూర్చున్న పిల్ల ఒంటి మీది బంగారంలో సొంతం ఎంతో, పిన్నిది ఎంతో, ఎదురింటి వాళ్లది ఎంతో మాకందరికీ తెలుసు. మా అక్క పెళ్లిలో నాగరం ఒకరిది, జడకుచ్చులు ఒకరివి, వడ్డాణం ఇంకొకరిది. అయినా ఎవరం నోరు మెదపలేదు. అది మూలసూత్రం, దానికి పది మార్కులు.

ఫోటో చూసి బరువు కట్టడం తర్వాతి పాఠం. పెళ్లికూతురు ఎంత వంగింది అనేది మొదటి కొలత. అత్తగారి ముఖ వికాసం రెండోది, అసలైనది. ఆవిడ కెమెరా వైపు చూస్తుంటే నగ తేలిక. కోడలి ముఖం వైపు చూస్తుంటే మధ్యస్థం. కోడలి నడుము వైపు చూస్తుంటే వడ్డాణం బరువైనదే. ఈ పద్ధతి మీద నాకు ఇప్పటికీ కాస్త గౌరవం ఉంది.

ఏడాది చివర ప్రాజెక్టు చేయాలి. ఒక్కొక్కరికీ ఒక్కొక్క వీధి ఇచ్చారు. నాకు మా వీధే వచ్చింది, పాత పోస్టాఫీసు వీధి.

మా వీధిలో వరహాలమ్మ గారని ఉన్నారు. వీధిలో పిల్లలందరికీ ఆవిడ వరాలత్త. ఆవిడ భర్త గవర్రాజు గారు కాలవ లాకుల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. నీళ్లు దిగేదాకా కదలకుండా కూర్చునే ఉద్యోగం కాబట్టి ఆయనకి తొందర లేదు, మాట తక్కువ. వరాలత్తకి వాళ్లమ్మ పెట్టిన వడ్డాణం ఒకటుంది. మధ్యలో లక్ష్మీదేవి, అటూ ఇటూ రెండు నెమళ్లు. కుడి పక్క నెమలికి ముక్కు లేదు. ఎప్పుడో ఏ పెళ్లికూతురో పల్లకీ దిగుతుంటే విరిగిందంటారు.

మా వీధిలో ఏ ఆడపిల్ల పెళ్లయినా ఆ వడ్డాణంతోనే అవుతుంది. పెళ్లికూతురి తల్లి ఖాళీ పళ్లెం పట్టుకుని వరాలత్త గుమ్మంలోకి వస్తుంది. ఎందుకొచ్చావని వరాలత్త అడగదు, ఏం కావాలో ఆవిడ చెప్పదు. కాఫీ తాగి, వడ్డాణం పళ్లెంలో పెట్టుకుని, పైన తువ్వాలు కప్పుకుని వెళ్తుంది. పెళ్లయ్యాక కుంకుడు రసంతో కడిగి, అదే పళ్లెంలో పసుపూ కుంకుమా జాకెట్టు ముక్కా అరటిపళ్లూ పెట్టి తెచ్చిస్తుంది. మగపెళ్లి వాళ్లకి మాత్రం అది పిల్ల సొంతమనే చెప్తారు. పిల్ల కాపరానికి వెళ్లాక వడ్డాణం ఏదమ్మా అంటే, బ్యాంకు లాకర్లో ఉందంటారు. మా వీధి అల్లుళ్లందరూ ఆ లాకరును తలుచుకుని నిశ్చింతగా ఉన్నారు.

నేను ప్రాజెక్టు మొదలుపెట్టిన రోజే వరాలత్త నన్ను పిలిచింది.

"ఒరే సోమేశం, మొన్న గూడెం పెళ్లిలో వడ్డాణం ఉన్న సంచీ గంటసేపు కనపళ్లేదంట్రా. కారు వెనకాల కూరగాయల బుట్ట కింద దొరికిందంట. నాకు చెప్పలేదులే, ఆళ్లలో ఆళ్లు అనుకుంటుంటే ఇన్నాను. అప్పట్నుంచీ అది గుమ్మం దాటితే నాకు అన్నం సయించట్లేదు, కంటికి నిద్ర లేదు. మీ బీమా ఏదో నా పేర్న చేయిత్తే నిమ్మళంగా ఇచ్చుకుంటాను."

"ఇవ్వడం మానేస్తే సరిపోతుంది కదత్తా?" అన్నాను.

"అమ్మ నా చేతిలో పెట్టేటప్పుడు ఒకటే మాటంది. పెళ్లికూతురి కోసం ఎవరొచ్చినా లేదనకు అంది. సరే అని పుచ్చుకున్నాను. ఇప్పుడు లేదనాలంటే మా అమ్మకి లేదనాలి."

దరఖాస్తు నేనే నింపాను. తర్వాత ఆల్బమ్‌ల కోసం ఇల్లిల్లూ తిరిగాను. వీధిలో పద్నాలుగు ఇళ్లలో పెళ్లి ఆల్బమ్‌లు దొరికాయి. పద్నాలుగింటిలోనూ పెళ్లికూతురి నడుముకి ముక్కు విరిగిన నెమలి ఉంది. మా అక్క నడుముకీ ఉంది.

వరాలత్త ఇంట్లో ఒకే ఒక్క ఫోటో దొరికింది. ఆవిడ పెళ్లికి నరసాపురం నుంచి రావలసిన ఫోటోగ్రాఫరు తాళి కట్టేశాక వచ్చాడట. అందరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి ఒకటి తీశాడు. వరాలత్త ఒళ్లో ఎవరిదో చంటిపిల్ల ఉంది. ఆ పిల్ల సరిగ్గా నడుముకి అడ్డంగా పడుకుని నిద్రపోతోంది.

నేను వెళ్లి ప్రిన్సిపాల్ గారికి ఉన్నమాట చెప్పాను. "సార్, ఈ పద్నాలుగూ ఒకటే వడ్డాణం. నెమలి ముక్కు చూడండి."

విశ్వపతి గారు భూతద్దం తీశారు. ఫోటోలకి భూతద్దం వాడవచ్చు. చాలాసేపు చూశారు. ఆయన ముఖంలో ఒక వెలుగు వచ్చింది.

"సోమేశం, ఇది సామాన్యమైన పరిశీలన కాదు. పద్నాలుగు ఆభరణాల్లోనూ ఒకే పక్షికి, ఒకే పక్క, ఒకే అవయవం లోపించడం యాదృచ్ఛికం కానేరదు. ఇది ఒక స్థానిక శిల్ప సంప్రదాయం. దీనిని మనం ముక్కు విరిగిన నెమలి శైలి అని వ్యవహరిద్దాం."

"కాదు సార్, వరహాలమ్మ గారని మా అత్త..."

"ఆవిడ ఫోటోలో వడ్డాణం ఉందా?"

"చంటిపిల్ల ఉంది సార్."

"చంటిపిల్లకు మనం బీమా చేయం" అన్నారాయన.

ఆ శైలి మీద ఆయన హైదరాబాదులో వ్యాసం చదివి శాలువా కప్పించుకుని వచ్చారు. ఒకే వీధిలో పద్నాలుగు వడ్డాణాలు బయటపడ్డాయని కంపెనీ సంబరపడి, మొదటి ఏడాది ప్రీమియం లేకుండానే అందరికీ పాలసీలు ఇచ్చేసింది. మా వీధి ఆడవాళ్లు ఒక్కరూ వద్దనలేదు. దురాశ అని అనుకోకండి. ఆ పాలసీ కాగితం మీద 'వడ్డాణము, ఒకటి, స్వంతము' అని అచ్చులో ఉంది. వియ్యపురాలికి చూపించడానికి లాకరు తాళం కన్నా అదే గట్టిది. వీధి మొదట్లో కంపెనీ వాళ్లు 'సువర్ణ వీధి' అని బోర్డు పాతారు. అది చూసి పాలవాడు లీటరుకి రెండు రూపాయలు పెంచాడు.

వరాలత్తకి మాత్రం పాలసీ రాలేదు, నోటీసు వచ్చింది. నేనే చదివి వినిపించాను. 'వీధిలోని అన్ని గృహములలో వడ్డాణము కలదని, తమ గృహమున మాత్రము లేదని మా నివేదిక ధ్రువపరచుచున్నది. అయినను తమ వద్ద ఒక వడ్డాణము ఉన్నట్లు తమ దరఖాస్తు ద్వారా తామే అంగీకరించియున్నారు. అది ఎవరిదో తెలియజేసి, వారికి అప్పగించి, రశీదు పంపవలెను.'

"ఎవరిదని రాయమంటారు?" అంది వరాలత్త. కోపంగా కాదు. నిజంగానే తెలియక అడిగింది. అడుగున నివేదిక సమర్పించినవారు అని నా పేరు ఉంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం వీధి ఆడవాళ్లంతా వరాలత్త అరుగు మీద చేరారు. దారి ఒకటే కనిపించింది. మా పెళ్లిళ్లలో కట్టుకున్నది వరహాలమ్మ గారి వడ్డాణమే అని పద్నాలుగు ఇళ్ల వాళ్లూ రాసి సంతకం పెడితే సరిపోతుంది. ఆ మాట అన్నది నేనే.

మా అమ్మే ముందు నోరు విప్పింది. "రాద్దామనే ఉందిరా. మీ అక్క అత్తగారు నిన్న కూడా ఫోన్ చేసి వడ్డాణం దీపావళికి కట్టుకురమ్మంది. ఇప్పుడు లేదంటే ఆ పిల్లని నిలువునా కాల్చుకు తింటది."

"మావాళ్లయితే ఆ వడ్డాణం చూసే సమ్మందం కాయం చేసుకున్నారు" అంది మూడో ఇంటి సుభద్ర గారు.

"ఎవరూ ఏమీ రాయక్కర్లేదు" అంది వరాలత్త. "పిల్లలు చల్లగా కాపరాలు చేసుకుంటున్నారు. నా వడ్డాణం నాదనిపించుకోడానికి ఆళ్ల గుట్టు బయట పెట్టాలా? వద్దు."

ఆవిడ ఆ మాట ఎంత మామూలుగా అందంటే, అక్కడున్న వాళ్లలో ఇద్దరు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. నాకు మా సంస్థ మీద ఒళ్లు మండింది. కానీ మా సంస్థలో చదివిన చదువు ఊరికే పోలేదు. నాకు ఒక ఆలోచన వచ్చింది.

"అత్తా, వాళ్లకి కావాల్సింది నువ్వు వడ్డాణంతో ఉన్న పెళ్లి ఫోటో. ఎన్నో పెళ్లో వాళ్లు అడగలేదు."

గవర్రాజు గారికి ఆ మాఘంలో డెబ్భై ఏళ్లు నిండుతున్నాయి. డెబ్భై నిండితే భీమరథ శాంతి చేసుకుని భార్యకి మళ్లీ తాళి కట్టడం ఉన్న ఆచారమే. అందరం ఆయన వైపు చూశాం. ఆయన పడక కుర్చీలోంచి లేవలేదు.

"మొదటిసారి నన్నెవరూ అడగలేదు. ఇప్పుడెందుకడుగుతున్నారు?" అన్నారు.

పెళ్లి ఘనంగా జరిగింది. మా వీధి వాళ్లంతా కలిసి చేశారు. వరాలత్త చేతి మీదుగా పెళ్లికూతుళ్లయిన వాళ్లందరూ ఆవిడని పెళ్లికూతుర్ని చేశారు. చిక్కు వచ్చింది ఒక్కచోటే. వడ్డాణం పట్టలేదు. అది పద్దెనిమిదేళ్ల పిల్లల నడుముకి కట్టే వస్తువు, వరాలత్తకి అరవై అయిదు. ముందు నుంచి చూస్తే బాగానే ఉంది గానీ వెనక జానెడు ఖాళీ మిగిలింది. సుభద్ర గారు ఆ ఖాళీకి జరీ తాడు అల్లి బిగించి కట్టారు. వరాలత్త నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఇన్నేళ్లూ ఎవరెవరికో కట్టాను, ఒక్కరూ బరువని చెప్పలేదేంటే" అంది.

వడ్డాణం బాగా పడాలని ఫోటోగ్రాఫరుకి నేను గట్టిగా చెప్పాను. అతను నెమ్మదస్తుడు, చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు. ముందు నుంచి తీశాడు, పక్క నుంచి తీశాడు, వెనక నుంచి కూడా తీశాడు.

ఆ ఫోటోలు పరిశీలించడానికి సంస్థలో నిపుణుల సంఘం కూర్చుంది. విశ్వపతి గారు నన్ను పిలిచి తీర్పు స్వయంగా చెప్పారు.

"మేము అత్యంత సానుభూతితో పరిశీలించాం. తక్కిన పద్నాలుగు మంది వధువుల నడుములకీ వడ్డాణం కొలత పెట్టి చేయించినట్లు సరిపోయింది. ఈ వధువుకు మాత్రం సరిపోలేదు, తాడుతో కట్టారు. అత్తగారి ముఖ వికాసం గడిలో సున్నా వచ్చింది."

"అత్తగారు పోయి పాతికేళ్లయింది సార్."

"కారణాలు మన పరిధిలోకి రావు. అన్నీ కలిపి చూడగా, ఈ వీధిలో పద్నాలుగు మందికి సొంత వడ్డాణాలున్నాయి. ఈవిడ వారిలో ఎవరి దగ్గరో అరువు తెచ్చుకుని కట్టుకున్నారు. త్వరగా తిరిగి ఇచ్చేయమని చెప్పండి. పరాయి వస్తువు ఇంట్లో పెట్టుకోవడం మంచిది కాదు."

ఈ మాట వరాలత్తకి చెప్పడానికి రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. మూడోసారి చెప్పేశాను. ఆవిడ వడ్డాణాన్ని పాత పట్టు గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టింది. అమ్మ వస్తువు నాది కాదన్నారు, చాల్లే అని మాత్రం అంది. ఆ రాత్రి ఆవిడ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

ఇలా ఉండగా ఒకనాడు మా వీధిలో ఆటో ఆగింది. కొత్తావిడ ఒకరు దిగి, సువర్ణ వీధి బోర్డు చూసుకుని, నన్నే అడిగారు వరహాలమ్మ గారిల్లెక్కడని. చేతిలో ఖాళీ పళ్లెం ఉంది. నేను కూడా వెళ్లాను, దారి చూపించిన వంకతో.

"నా పేరు రాజ్యలక్ష్మండి. మా అమ్మాయి పెళ్లి కుదిరిందండి, కాకినాడ సంబంధం" అన్నారావిడ కాఫీ తాగుతూ. "వాళ్లు వడ్డాణం ఏదంటున్నారండి. కల్యాణమండపం వాళ్లని అడిగితే, పాత పోస్టాఫీసు వీధిలో ఒకావిడ ఎవరికీ లేదనరని చెప్పారండి."

"మీ ఆయనేం చేత్తారమ్మా?" అంది వరాలత్త.

"ప్రిన్సిపాలండి. ఆ మండపం మేడ మీదే. నగలకి విలువ కడతారండి."

వరాలత్త పళ్లెం వైపు చూసింది. ఆవిడ జీవితంలో ఖాళీ పళ్లెం ఖాళీగా వెనక్కి పంపింది లేదు.

"ఇవ్వడానికేముందమ్మా. కానీ అది నాది కాదని మీ ఆయనే రాయించారు. పరాయోళ్ల వస్తువు నేనెలా ఇస్తాను? ఆయన్నొకసారి రమ్మనండి. ఎవరిదో ఆయనే చెబితే, ఆళ్లనడిగి ఇప్పిత్తాను."

విశ్వపతి గారు మర్నాడే వచ్చారు. భార్య ముందు నడిచింది, ఆయన వెనక. అరుగు మీద కూర్చున్నారు. వరాలత్త పట్టు గుడ్డ విప్పి వడ్డాణం ఆయన ముందు పెట్టింది. ఆయన చప్పున కళ్లు మూసుకున్నారు, సర్క్యులర్ గుర్తొచ్చి.

"తెరవండి కళ్లు" అన్నారు రాజ్యలక్ష్మి గారు.

తెరిచారు. తీసుకోమంటే చేతుల్లోకి తీసుకున్నారు. డాక్టర్ విశ్వపతి గారు విలువ కట్టవలసిన నగ ఒకటి చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారనుకుంటాను. రెండు చేతులూ కిందికి దిగిపోయాయి. నెమలి విరిగిన ముక్కు మీద వేలు పెట్టి చూశారు. నున్నగా అరిగి ఉంది. లక్ష్మీదేవి పాదాల సందులో ఏ పెళ్లిదో కుంకుమ ఇంకా ఉంది. ఆయన తల ఎత్తి మా వీధి చివరిదాకా, ఒక్కొక్క ఇల్లే చూశారు. కొబ్బరి పీచు మీదైనా డాక్టరేటు డాక్టరేటే. ఆయనకి లెక్క తెలిసింది.

"అన్నీ... ఇదేనా?" అన్నారు మెల్లగా.

"ఆయ్" అంది వరాలత్త. "బయటికి మాత్రం అనకండి. పిల్లల కాపరాలు."

ఆయన అప్పటికప్పుడు కాగితం అడిగి, ఇది వరహాలమ్మ గారిదని రాసి సంతకం పెట్టారు. విశేష విచక్షణాధికారం అని ఒకటుందట, అది వాడారు. వారం తిరక్కుండా పాలసీ తెచ్చి ఇద్దరూ మళ్లీ వచ్చారు. వరాలత్త దాన్ని కళ్లకి అద్దుకుని నాకిచ్చింది.

"చదవరా సోమేశం. ఇక అన్నం తింటాను."

నేను చదివాను. పేరు సరిగ్గా ఉంది. వడ్డాణము, ఒకటి, స్వంతము అని ఉంది. షరతుల్లోకి దిగాను. ఏడో షరతు దగ్గర నా గొంతు తగ్గింది. 'బీమా చేయబడిన ఆభరణమును స్వంతదారు తప్ప అన్యులు ధరించరాదు. అరువు ఇచ్చినచో ఈ ఒప్పందము రద్దగును.'

మిగతా పద్నాలుగు పాలసీల్లోనూ ఆ షరతు ఉండే ఉంటుంది. లేని వస్తువు అరువివ్వడం ఎవరికీ కుదరదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

వరాలత్త ఒకసారి తన నడుము చూసుకుంది, ఒకసారి రాజ్యలక్ష్మి గారి చేతిలో పళ్లెం చూసింది.

"అయితే బీమా ఉంటే మీ అమ్మాయికి వడ్డాణం లేదు. మీ అమ్మాయికి వడ్డాణం ఉంటే నాకు బీమా లేదు. అంతేనాండీ?"

రాజ్యలక్ష్మి గారు భర్త వైపు చూశారు. అటువంటి చూపును కొలవడానికి మా సంస్థలో పద్ధతి లేదు. ఆయన నా చేతిలోంచి పాలసీ తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు.

"ముద్రణలో స్వల్ప దోషం దొర్లిందమ్మా. సవరించి పంపిస్తాం."

వరాలత్త నవ్వింది. లేచి వెళ్లి వడ్డాణం తెచ్చి పళ్లెంలో పెట్టి, పైన తువ్వాలు తనే కప్పింది.

పెళ్లి మా సంస్థ కిందే జరిగింది. ఈసారి మేం ఆడపెళ్లి వాళ్ల తరఫున ధైర్యంగా భోంచేశాం. కాకినాడ అత్తగారు ఫోటోల్లో కోడలి నడుము వైపే చూసింది. పెళ్లికూతురి తండ్రి మాత్రం ఏ ఫోటోలోనూ సరిగ్గా పడలేదు. వచ్చినవాళ్లని పలకరించడం మానేసి, పీటల పక్కన నిలబడి వడ్డాణాన్నే కాపలా కాశారు.

అప్పగింతల మర్నాడు పొద్దున్నే ఆయన ఒక్కరే మా వీధికి నడిచి వచ్చారు. రెండు చేతులా పళ్లెం పట్టుకున్నారు. కుంకుడు రసం వాసన వస్తోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇది మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ నాకు కునుకు పట్టలేదమ్మా" అన్నారు పళ్లెం అందిస్తూ. "అన్నం కూడా సయించలేదు."

"ఆయ్" అంది వరాలత్త. "అలాగే ఉంటదండి. కూకోండి, కాఫీ ఇత్తాను."

సవరించిన పాలసీ ఇంతవరకూ రాలేదు. వరాలత్త అడగలేదు కూడా. వడ్డాణం బయటికి వెళ్లిన రోజుల్లో ఆవిడ ఇప్పటికీ అన్నం తినదు, అది తిరిగొచ్చాకే కంచం ముందు కూర్చుంటుంది. ప్రిన్సిపాల్ గారి అమ్మాయి ఆల్బం ఈ ఏడాది కొత్త బ్యాచ్‌కి ప్రాజెక్టుగా ఇచ్చారు. ముక్కు విరిగిన నెమలి శైలి ఊళ్లోకి కూడా వ్యాపించిందని పిల్లలు రాశారు. వడ్డాణం ఉన్న ఇళ్లు ఇప్పుడు పదిహేను. లేని ఇల్లు మాత్రం మా రికార్డుల్లో ఇప్పటికీ ఒకటే, వరహాలమ్మ గారిది.